దూలం కింద కుర్చీ

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే దూలాలు విరగ్గొట్టడం అని చెప్పేదాన్ని. పెళ్లిచూపుల్లో కూడా అదే చెప్పాను. మొదటి సంబంధం వాళ్లు కాఫీ సగంలో వదిలేసి లేచారు. రెండోసారి వచ్చినాయన మాత్రం, "దానికి జీతం కూడా ఇస్తారా?" అని అడిగాడు. ఆయన్నే చేసుకున్నాను.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికి వచ్చి గోపాలపట్నంలో స్థిరపడ్డారు. నేను ఇంజనీరింగ్ చదివి మద్దిలపాలెంలో ఒక ప్రైవేటు టెస్టింగ్ లాబ్‌లో చేరి, అక్కడే రిటైరయ్యాను. కొత్తగా కట్టిన మిద్దె మీద కావలసినంత బరువు పెట్టి, అది ఆగుతుందో లేదో చూసి చెప్పడం మా పని. ఆగితే ఎవరూ మమ్మల్ని గుర్తుపెట్టుకోరు. ఆగకపోతే జన్మలో మర్చిపోరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎందుకు వచ్చాయో, ఎందుకు రాలేదో నాకే సరిగా తెలియదు. ఫార్ములాలు పుస్తకాల్లో ఉన్నాయి, మీకు నాకన్నా బాగా వచ్చు. పుస్తకాల్లో లేనివాళ్లు కొందరు ఉన్నారు, వాళ్ల గురించే రాస్తాను.

సుత్తి సార్

మా లాబ్‌కి పెద్ద ఒకాయన ఉండేవారు. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉండేది. నోరు తెరిస్తే ఆగేవారు కాదు. అందుచేత అందరం ఆయన్ని సుత్తి సార్ అనేవాళ్లం. ఆ రెండిట్లో ఏ కారణం చేత అంటున్నామో ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

నేను చేరిన వారంలోనే తన కూతురి పెళ్లిలో మిగిలిపోయిన శుభలేఖల కట్ట ఒకటి నా ముందు పడేసి, రెండు చివరలా పట్టుకుని వంచమన్నారు. సులువుగా వంగింది. అంచులు చూడమన్నారు. కార్డులన్నీ ఒకదాని మీద ఒకటి జారి, చివర మెట్లు మెట్లుగా కనిపించాయి. తర్వాత అదే కట్టకు రెండు చివరలా గట్టి క్లిప్పులు బిగించి మళ్లీ వంచమన్నారు. ఈసారి నా వేళ్లు నొప్పి పుట్టాయి గానీ కట్ట సరిగా వంగలేదు.

"చూశావా, కార్డులు అవే. జారనివ్వకపోతే వాటికి అంత బలం. ఇక నువ్వు ఈ లాబ్‌లో ఎన్నేళ్లున్నా చూసేది ఇదొక్కటే. జారిందా, జారలేదా."

ఇనుప దూలం మీద కాంక్రీటు స్లాబ్ వేసి రెండింటినీ కలిపి మోయించే పద్ధతి సరిగ్గా ఇదే. వంగినప్పుడు దూలం పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. నొక్కుడు కాంక్రీటుకు అలవాటు, లాగుడు ఉక్కుకు అలవాటు. అందుకని పైన కాంక్రీటు, కింద ఉక్కు, ఎవరి పని వాళ్లకు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారకుండా ఉండాలంటే మధ్యలో పట్టు కావాలి. దానికోసం దూలం పైరెక్క, అంటే పైనుండే వెడల్పాటి పలక మీద బొటనవేలంత లావున్న తలమేకులను వరసగా వెల్డింగ్ చేస్తారు. వాటిని స్టడ్లు అంటారు. స్లాబ్ పోశాక అవి కాంక్రీటులో మునిగిపోతాయి. మళ్లీ ఎవరికీ కనిపించవు. మన కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

సార్ దగ్గర మరికొన్ని సూత్రాలుండేవి. పరీక్షలో ఉన్న దూలం కిందికి వెళ్లకు, నీ డిగ్రీ దానికి కనపడదు. యజమానిని ఊరికే నిలబెట్టకు, పని లేకపోతే సలహాలిస్తాడు. మూడోది మాత్రం సుత్తి పక్కన పెట్టి చెప్పేవారు. "మంచి మిద్దె కింద ఉన్నవాళ్లు పైకి చూడరమ్మా. మన పనికి ఎవరైనా ఇచ్చే బిరుదు అదే."

కాంక్రీటు దొంగ

గోపాలపట్నం వైపు షాపుల కాంప్లెక్స్ ఒకటి కడుతున్నారు. స్లాబ్ పోసే రోజు. మన దగ్గర స్లాబ్ రోజంటే చిన్న పెళ్లే కదా. కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ అయ్యాయి, మధ్యాహ్నానికి మటన్ బిర్యానీ దించారు. అంతా బాగానే ఉంది గానీ తెప్పించిన కాంక్రీటు చాలలేదు. ఇంకో లారీ తెప్పించారు. అదీ చాలలేదు. యజమాని వాచ్‌మన్ కాలరు పట్టుకున్నాడు.

కాంక్రీటును ఎవరైనా దొంగిలిస్తారా అని మీరు నవ్వుతారు. ఆ రోజు అక్కడ ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ ఏడుస్తున్నాడు. యజమాని బావమరిది పక్క సందులన్నీ వెతికి వచ్చాడు, తడి కాంక్రీటు ఎక్కడైనా దాచి ఉంటుందేమోనని.

సార్ అంతా విని నాకు ఒక దారం ఉండ ఇచ్చారు. దూలం ఈ చివర నుంచి ఆ చివరకు, అడుగుకు బెత్తెడు కిందుగా బిగించి కట్టించమన్నారు. కట్టించాను. దారం తిన్నగా ఉంది. దూలం మాత్రం భోజనం చేసినవాడి పొట్టలా మధ్యలో కిందికి దిగి, దారాన్ని తాకబోతోంది. జరిగింది ఏమిటంటే, తడి కాంక్రీటు బరువుకు ఇనుప దూలం కాస్త వంగింది. పైన పల్లం కనిపించింది. మేస్త్రీ మంచివాడు, చదును చేయాలని ఆ పల్లంలో ఇంకొంచెం పోశాడు. ఆ బరువుకు ఇంకా వంగింది. ఇంకా పోశాడు. లారీలకు లారీలు ఆ పొట్టలోకే పోయాయి.

"దొంగ దొరికాడండీ, మీ నెత్తి మీదే ఉన్నాడు" అన్నారు సార్ యజమానితో. పని ఆపించి, కింద పోటీలు, అంటే దూలాన్ని ఆపే ఊత స్తంభాలు పెట్టించి, బిర్యానీ బంతిలో మొదటి విస్తరి వాచ్‌మన్‌కు వేయించారు. యజమాని చేతనే వడ్డింపించారు.

గట్టిపడేదాకా కాంక్రీటు దూలానికి తోడు కాదు, బరువు. ఈ ముక్క ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అయినా ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఒక మేస్త్రీ చదును చేస్తూనే ఉంటాడు.

పోయే పద్ధతులు

దూలాలు పోయే పద్ధతులు చాలా ఉన్నాయి, వాటిలో నాకు నచ్చినవీ నచ్చనివీ ఉన్నాయి. ఉక్కు సాగి పోవడం నాకు ఇష్టం. ఉక్కు మర్యాద తెలిసినది. నెమ్మదిగా వంగుతుంది, పెయింటు పొలుసులు రాలుస్తుంది, తలుపులు పట్టేసేలా చేస్తుంది, అందరూ బయటికి పోయేదాకా ఆగుతుంది. కాంక్రీటు నలిగిపోవడం నచ్చదు. దానికి కోపం వస్తే ముందు చెప్పదు.

అన్నిటికన్నా నాకు పడనిది స్టడ్లు తెగడం. ఇది చివర్ల నుంచి మొదలవుతుంది, ఎందుకంటే జారాలనే ఒత్తిడి అక్కడే ఎక్కువ. చివరి స్టడ్ తెగితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ తెగితే దాని పక్కదాని మీద. బొజ్జ మీద బిగువు చొక్కా వేసుకున్నవాడికి మొదటి బొత్తాం ఊడాక మిగతావి ఎలా ఊడతాయో చూసే ఉంటారు. అప్పుడు స్లాబ్ ఒకటి, దూలం ఒకటి. బయటి నుంచి చూస్తే ఏ తేడా తెలియదు. కలిసి మోయాల్సిన బరువును ఎవరికి వాళ్లే మోస్తుంటారు, ఇద్దరికీ చేతకాదు.

ఫిషింగ్ హార్బర్ సంగతి చెప్పడానికే ఇదంతా చెప్పాను.

పైడమ్మ మిద్దె

హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉంది. యజమాని పేరు పైడమ్మ అనుకోండి. వాళ్లది తరాలుగా వేటకు వెళ్లే కుటుంబం. భర్త పోయాక ఆవిడ బోటు అమ్మకుండా తమ్ముడికి అప్పగించి, తను ఐసు పట్టుకుంది. ఆ తమ్ముడి పేరు అప్పన్న. అతను సముద్రం మీద లేని రోజుల్లో అక్క పని చూసేవాడు. ఆమెను అప్పా అని పిలుస్తాడు, మా ఇళ్లలో అక్కా అన్నట్టు.

పాత షెడ్డు మీద కొత్తగా మిద్దె కట్టారు. పైన ఐసు దిమ్మలు నిలవ చేస్తారు. అక్కణ్ణించి జారుడుబల్ల లాంటి తొట్టి మీదుగా దిమ్మ కిందికి వస్తుంది, కింద మరలో పొడై బోటులోకి పోతుంది. అంటే పైన బరువు, కింద మనుషులు. ఆ కింద పనిచేసేవాళ్లంతా పైడమ్మ బంధువులే. మరకు ఆనుకుని నిలబడేది అప్పన్న.

ఏటా ఉండే చేపల వేట నిషేధం ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా నన్ను పిలిచారు. బోట్లన్నీ ఒకేసారి కదిలే రోజది. ఆ రోజుకు ఎవరి దగ్గర ఐసు ఉంటే బోటు వాళ్ల దగ్గరికి పోతుంది, సీజనంతా అక్కడికే పోతుంది. అప్పటికి సుత్తి సార్ లేరు. పోతూ పోతూ సుత్తి నాకు ఇచ్చారు, మాటలు కూడా కొన్ని అంటించి పోయారని మా ఆయన అంటారు.

పైడమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, నేరుగా విషయానికి వచ్చింది.

"మేడమ్, ఒక సంతకమెట్టీండి. మిద్దె గట్టిదే. నాను ఎక్కి గెంతి సూసినాను."

"మీరు ఎంత బరువుంటారు?" అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "పోనీ బరువెట్టి సూత్తానంతే మా ఐసే ఎట్టీండి. ఊరికే ఉన్నాది కదా."

ఐసు పెడితే నేను కొలిచేలోపు సగం బరువు కాలవలో కలిసిపోతుందని చెప్పాను. చివరకు నీళ్లు పెట్టాలని తేల్చాం. మిద్దె చుట్టూ గట్టు కట్టి, లోపల ప్లాస్టిక్ పట్టా పరిచి, గొట్టంతో నింపుతాం. తొడ లోతు వస్తే ఐసు బరువుకు సమానం. బయటి గోడ వైపు పెద్ద గొట్టం పెట్టి దానికో వాల్వు బిగించాం, తేడా వస్తే ఒక్క తిప్పుడుకు నీళ్లన్నీ బయటికి పోతాయి. దూలాల కింద రెండు వేళ్ల సందు వదిలి ఇనుప పోటీలు నిలబెట్టించాను. దూలం దిగినా వాటి మీద ఆగుతుంది.

దీనికంతటికీ ఒక రోజు పట్టింది. పైడమ్మ రుసరుసలాడుతూనే చేయించింది.

కుర్చీ

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్లేసరికి అప్పన్న మిద్దె కింద, సరిగ్గా మధ్య దూలం అడుగున, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉతికిన లుంగీ, నుదుట బొట్టు, చేతిలో టీ గ్లాసు.

"అప్పన్నగారూ, ఏమిటిది?"

"కూకున్నాను మేడమ్."

"అది కనిపిస్తోంది. లేవండి."

"నెగను. మాకో పద్దతి ఉన్నాది. కొత్త పడవ దింపిన్నాడు దాన్ని కట్టించినోడే ముందెక్కాల. ఆడే ఎక్కకపోతే ఇంకెవుడెక్కుతాడు? ఈ మిద్దె దగ్గరుండి కట్టించినోణ్ణి నాను. పడితే నా మీదే పడాల."

బయట నిలబడ్డ కూలీలంతా తలలూపారు. పైడమ్మ వైపు చూశాను. ఆవిడ మొహంలో భయం కనిపించింది, నోట మాత్రం రాలేదు. పదిమంది ముందు తమ్ముణ్ణి లెమ్మంటే, మిద్దె మీద నమ్మకం లేదని తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ లెక్క నాకు అర్థమైంది. నాకు ఒళ్లు మండింది కూడా. కసిరితే ఆ మనిషి లేవడు, ఇంకో టీ తెప్పించుకుంటాడు.

నేనూ నింపాదిగా అడిగాను. "కొత్త పడవ దింపినప్పుడు పడవెక్కుతారా, పడవ కింద పడుకుంటారా?"

కూలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. అప్పన్న ఆలోచనలో పడ్డాడు.

"ఎక్కుతాం."

"మరి ఎక్కండి. కింద కూర్చోవడం మీ పద్ధతి కాదు. నాకు ఆ చివర కొలత చదివే మనిషి కావాలి. ఈ మిద్దె కట్టించిన మనిషే చదవాలి, ఇంకెవరు చదివినా నేను నమ్మను."

దూలం చివర, గోడ బయట పరంజా మీద ఒక డయల్ పెట్టాం. దాని ముల్లు కదిలిందంటే స్లాబ్ దూలం మీద జారిందని అర్థం. అప్పన్న టీ తాగి, గ్లాసు కుర్చీ మీద పెట్టి, దర్జాగా వెళ్లి పరంజా ఎక్కాడు. పైడమ్మను వాల్వు దగ్గర నిలబెట్టాను. యజమానులిద్దరికీ పని దొరికింది. సలహాలు ఆగాయి.

ఒక సంగతి మాత్రం అప్పన్నకు చెప్పలేదు. ఆ డయల్ నుంచి ఒక తీగ నా దగ్గరున్న పెట్టెకు వస్తుంది. అతనికి కనిపించే అంకె నాకూ కనిపిస్తుంది. నమ్మకం లేక కాదు, కొంచెం లేకే.

నీళ్లు మొదలుపెట్టాం. చీలమండ లోతు.

"కదల్నేదు" అని అరిచాడు అప్పన్న పరంజా మీంచి. లేదనడానికి వాళ్లు నేదంటారు.

నీళ్లు ఆపి కాసేపు చూశాం. మళ్లీ వదిలాం. పిక్కల దాకా వచ్చింది.

"కదల్నేదు మేడమ్. కొండలాగున్నాది." కూలీల వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

మోకాలి దగ్గరికి వస్తుండగా లోపల ఎక్కడో టక్‌మని వినిపించింది. పెద్ద చప్పుడేం కాదు, ఎవరో చిటిక వేసినట్టు. కూలీలు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా పెట్టెలో అంకె ఒక్కసారి ఎగిరి ఆగింది. నీళ్లు ఆపమని చెయ్యెత్తి, పరంజా వైపు చూశాను.

అప్పన్న డయల్ మీదికి వంగి ఉన్నాడు. ఏమీ అనలేదు. అతను చెప్పకపోయినా నేను వాల్వు తిప్పించేదాన్నే. అయినా ఒక్క క్షణం ఆగాను. ఆ మనిషి ఏం చెబుతాడో వినాలనిపించింది. కింద కుర్చీ, దాని మీద అతను తాగిన గ్లాసు అలాగే ఉన్నాయి. అతను తల తిప్పి వాటివైపు చూశాడు.

"అప్పా, ఇప్పీ" అని అరిచాడు. "కదిలినాది. ఇప్పీయే అప్పా, నీళ్లొదిలీ."

పైడమ్మ వాల్వు తిప్పింది. నీళ్లు గోడ బయటికి ఎగజిమ్మాయి. ఈలోపు ఇంకో రెండు టక్కులు వినిపించాయి, ఈసారి అందరికీ. మధ్య దూలం దిగి పోటీల మీద ఆనింది, ఆగింది. ఆ అదురుకు కుర్చీ మీద గ్లాసు కింద పడి పగిలింది.

నీలం ఉంగరం

మర్నాడు దూలం చివర స్లాబ్‌ను కొంచెం పగలగొట్టించాను. మూడు స్టడ్లు ఉత్తినే చేతిలోకి వచ్చేశాయి. మంచి వెల్డింగ్ అయితే స్టడ్ విరిగినా దూలం ఉక్కును పట్టుకునే విరుగుతుంది. ఇవి బల్ల మీద పెట్టిన గ్లాసుల్లా పైకి వచ్చాయి. ఒక్కోదాని అడుగు అంచున సన్నగా నీలం రంగు ఉంగరం ఉంది.

దాన్ని చూస్తూ ఉంటే అప్పన్న నా చేతిలోంచి తీసుకున్నాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. దూరంగా కట్టేసి ఉన్న వాళ్ల బోటు వైపు చూశాడు. బోటుదీ అదే నీలం.

"ఇది నానే ఏసినాను మేడమ్."

దూలాలు సైటుకు వచ్చినప్పుడు పైరెక్కల మీద రంగు లేదట. స్టడ్లు వెల్డింగ్ చేయడానికి కావాలనే ఖాళీగా వదులుతారు. హార్బర్ మనుషులకు రంగు లేని ఇనుము కళ్లబడితే నిద్రపట్టదు. ఉప్పుగాలి దాన్ని తినేస్తుందని పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాళ్లు. పెయింటరు బద్ధకించి వదిలేశాడనుకున్నాడు అప్పన్న. బోటుకు వేయగా మిగిలిన రంగు తెచ్చి, ఒక మధ్యాహ్నమంతా ఎండలో కూర్చుని, ఒక్క అంగుళం వదలకుండా తన చేత్తో వేశాడు.

"అలగ ఒగ్గీత్తే తుప్పట్టీత్తాదని... మా అప్ప మిద్దె కదా అని."

ఆ మనిషిని చూస్తే నాకు జాలి వేసింది, ప్రేమ కూడా కలిగింది. ప్రేమగా వేసిన రంగు అది. ఆ రంగు మీదే వెల్డర్ స్టడ్లు పెట్టాడు. రంగు కాలి పొగైంది, వెల్డింగ్‌లో బుడగలు మిగిలాయి, స్టడ్లు మాత్రం బుద్ధిమంతుల్లా వరసగా నిలబడ్డాయి.

ఇక్కడ నా తీర్పు స్పష్టంగా చెబుతాను, పిల్లలు జాగ్రత్తగా వినండి. తప్పు అప్పన్నది కాదు. ఇనుముకు రంగు వేయడం అతనికి తెలిసిన ధర్మం. రంగు మీద వెల్డింగ్ చేయకూడదని వెల్డర్‌కు తెలుసు, చేశాడు. ప్రతి స్టడ్‌నూ సుత్తితో కొట్టి మోత వినాలనీ, కొన్నింటిని వంచి చూడాలనీ సైట్ ఇంజనీరుకు తెలుసు, చూడలేదు. మంచి స్టడ్ కొడితే ఖంగుమంటుంది, చెడ్డది చచ్చు చప్పుడు చేస్తుంది. సగం పూట పని. ఆ సగం పూట అతను నీడలో నిలబడి ఫోన్ చూసుకున్నాడట. తెలియక చేసినవాడికి చెబితే సరిపోతుంది. తెలిసి ఊరుకున్నవాడికి చెప్పడానికి ఏముంది? ఆ సైట్ ఇంజనీరుకు నేను చెప్పదలచుకున్నవి అన్నీ ఆ రోజే చెప్పాను. ఇక్కడ రాయను, అచ్చు వేయరు.

పైడమ్మ అంతా విని ఒక ప్రశ్న అడిగింది. "బాగు సెయ్యడానికి ఎన్నాళ్లడతాది?"

సీజన్ మొదలయ్యేలోపు కాదని చెప్పాను. ఈలోపు పైన ఐసు పెట్టకూడదని కూడా చెప్పాను. కాంట్రాక్టరు మనిషి ఎవరో, సగం బరువు పెడితే ఏమవుతుందిలెండి అని గొణిగాడు. ఆవిడ అతని వైపు తిరిగింది.

"నీ తమ్ముణ్ణి కూకోబెడతావేటి కింద?"

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"బోట్లు ఇంకోలకాడికి ఎల్తే ఎల్తాయి. మల్లీ ఏడాదికొత్తాయి, రాకపోతే నేదు. నిన్న ఆ గలాసు పగిలినకాణ్ణించి నాకు కునుకు నేదు." అప్పన్న వైపు చూడకుండానే అంది ఇదంతా. తర్వాత కళ్లు తుడుచుకుని, పై మెట్లకు తాళం వేయించి, తాళం చెవి తన నడుముకు కట్టుకుంది.

నిషేధం ముగిసిన రోజు ఆమె దగ్గర నేల మీద నిలవ ఉన్నంత ఐసే ఉంది. తెల్లారేలోపే అయిపోయింది. మిగిలిన బోట్లు పక్క ఫ్యాక్టరీకి పోయాయి. కొన్ని ఆమె పెదనాన్న పిల్లలవే. అప్పన్న తన బోటు ఐసు కోసం చివరిదాకా ఆగి, తనూ పక్క ఫ్యాక్టరీకే పోయాడట. అది విన్నప్పుడు మాత్రం ఆవిడ నవ్విందని చెప్పారు.

ఖంగుమన్న మోత

మరమ్మతు పని వానలు పడుతూ ఉండగా సాగింది. దూలాల పొడవునా స్లాబ్‌లో గుంటలు చేసి, అడుగున ఉక్కును తళతళ మెరిసేదాకా అరగదీసి, కొత్త స్టడ్లు వెల్డ్ చేసి, మళ్లీ కాంక్రీటుతో నింపాలి. అరగదీసిన ఉక్కు మీద అదే రోజు వెల్డింగ్ అయిపోవాలి. తడి తగలకుండా పైన పట్టా.

ఆ మొదటి వేట నుంచి వచ్చాక అప్పన్న మళ్లీ సముద్రం మీదికి పోకుండా అక్కడే ఉన్నాడు. రంగు డబ్బాతో ఎవరైనా మెట్లెక్కితే తన్నేలా ఉన్నాడు. అయినా మెరుస్తున్న ఉక్కు వైపు తిన్నగా చూడలేకపోయేవాడు.

"ఏటో మేడమ్, గుడ్డల్నేకుండా నిలబెట్టినట్టున్నాది" అని మొహం పక్కకు తిప్పుకునేవాడు.

సుత్తి సార్ సుత్తి అతని చేతికిచ్చి, ప్రతి స్టడ్‌నూ కొట్టించాను. నేను పక్కన నిలబడి విన్నాను. రెండు స్టడ్ల దగ్గర మోత బాగాలేదు, తీయించి మళ్లీ వేయించాను. వెల్డర్ సణిగాడు. ఈసారి సణుగుడు తప్ప ఇంకేమీ చేయలేదు.

రెండో పరీక్ష రోజు ఎవరూ కుర్చీ వేయలేదు. పైడమ్మ వాల్వు దగ్గర నిలబడింది, వాల్వు మీద చెయ్యి తీయలేదు. అప్పన్న పరంజా ఎక్కాడు. ఎక్కేముందు, నా పెట్టెకు వచ్చే తీగ సంగతి అప్పుడు చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"అంటే ఆ దినం నాను అబద్దమాడుంతే?"

"తెలిసిపోయేది."

"మరి ఇయ్యాల నానెందుకు?"

"ఇవాళ మీరు చెబితేనే మీ అక్క వాల్వు మీంచి చెయ్యి తీస్తుంది" అన్నాను. అది నిజం.

చీలమండ లోతు. కదల్నేదు. పిక్కల లోతు. కదల్నేదు. మోకాలి దగ్గరికి వచ్చేసరికి అందరం ఆ టక్‌మనే చప్పుడు కోసం చెవులు రిక్కించాం. నీళ్లు గట్టుకు తగిలే చప్పుడు తప్ప మరేమీ లేదు.

"కదల్నేదు."

తొడ లోతు నిండింది. ముల్లు నిలకడగా ఉంది. బరువు అలాగే ఉంచి పూర్తిగా ఒక రోజు వదిలేశాం. మర్నాడు వచ్చి చూసినా అంతే. చాలండీ దిగండి అని నేనన్నా అప్పన్న దిగలేదు. "కదల్నేదప్పా" అని ఒకసారి, "కదల్నేదే" అని ఇంకోసారి, అక్క వైపు తిరిగి చెబుతూనే ఉన్నాడు. పైడమ్మ వాల్వు మీంచి చెయ్యి తీసేసి ఉన్నచోటే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నీళ్లు దించాం, పోటీలు తీశాం, కాగితం మీద సంతకం పెట్టాను. బయల్దేరబోతుంటే అప్పన్న రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి మధ్య దూలం కింద వేశాడు.

"ఇప్పుడు కూకోవచ్చా మేడమ్?"

"ఇప్పుడు కూర్చోవచ్చు."

"మీరూ కూకోండి మరి."

నా సర్వీసులో ఎన్నో మిద్దెలకు సంతకాలు పెట్టాను. పెట్టిన వెంటనే బ్యాగు సర్దుకుని ఆటో ఎక్కేదాన్ని. నేను పరీక్ష పెట్టిన దూలం కింద కూర్చుని టీ తాగింది అదే మొదటిసారి. టీలో అల్లం ఎక్కువైంది. అప్పన్న కొత్త వల గురించి చెబుతున్నాడు, సార్‌కు దీటుగా ఆపకుండా. మాటల మధ్యలో పైన పైడమ్మ కేక వినిపించింది, వెంటనే మొదటి ఐసు దిమ్మను ఈడ్చుకొస్తున్న మోత. తర్వాత ఇంకోటి, ఇంకోటి. సరిగ్గా మా నెత్తి మీదే పేరుస్తున్నారు. తొట్టి అంచు నుంచి ఒక చల్లటి చుక్క నా చేతి మీద పడింది.

చీర కొంగుతో తుడుచుకుని, ఆ వల ఎక్కడ కొన్నారని అడిగాను. అప్పన్న చెప్పుకుపోతున్నాడు. మా ఇద్దరిలో ఒక్కరమూ పైకి చూడలేదు.